చెన్నై చెమ్మలో లాంథనం బ్రోమైడ్‌తో పని

“అక్కా, లాంథనం బ్రోమైడ్ సీసా మూత తీసి గబగబా తూచేసి మళ్లీ బిగించేస్తే ఏమవుతుంది?” అనంతపురం వైపు నుంచి వచ్చి మా ప్రయోగశాలలో చేరే పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. వాళ్ల ఊరి గాలి సంగతి ఏమో గానీ చెన్నైలోని మా తరమణిలో మాత్రం ఆ పప్పులు ఉడకవు. వేసవిలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి, కార్తీకంలో ఈశాన్య రుతుపవనాల వాన. ఈ పదార్థానికి కలిసొచ్చే నెలంటూ ఇక్కడ లేదు.

నీరు లేని లాంథనం బ్రోమైడ్ తెల్లగా, చిన్న పూసల్లా ఉంటుంది. ఘన సెంటీమీటరుకు దాదాపు 5.1 గ్రాములు తూగుతుంది, దాదాపు 785 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. గాలి తగిలితే వానాకాలంలో బెల్లంలా చెమ్మగిల్లి ముద్దవుతుంది. కొంచెం సీరియం అనే లోహాన్ని కలిపి స్ఫటికంగా పెంచితే గామా కిరణాలను పట్టే మేలైన డిటెక్టర్ అవుతుంది. ఆ గుణాన్ని 2001లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పరిశోధకులు స్విట్జర్లాండ్ సహచరులతో కలిసి వెల్లడించారు. లాంథనం అనే ఈ లోహం మనకు పరాయిదేమీ కాదు, భీమిలి ఇసుకలోని మోనజైట్ ఖనిజంలోనూ ఉంది.

అన్నిటికంటే ముందు ఇది తెలుసుకోండి: ఒకసారి తడిసిన పొడిని ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టలేరు. చెమ్మ పీల్చుకున్నాక అది నీటి అణువులను తనలో ఇముడ్చుకుని హైడ్రేట్‌గా మారుతుంది. వేడి చేస్తే కొంత నీరు పోతుంది, నిజమే. కానీ ఆ వేడిలో మిగిలిన నీరు బ్రోమైడ్‌తోనే చర్య జరుపుతుంది. ఘాటైన హైడ్రోజన్ బ్రోమైడ్ వాయువు బయటికి పోతుంది, ఆక్సిజన్ లాంథనాన్ని పట్టుకుని ఆక్సీబ్రోమైడ్‌గా ఉండిపోతుంది. చూపుకు అదీ తెల్లటి పొడే, అందుకే మోసపోతాం. స్ఫటికం పెంచేటప్పుడు గానీ బండారం బయటపడదు: మసక, పగుళ్లు. అమ్మోనియం బ్రోమైడ్ ఎక్కువ పాళ్లలో కలిపి, శూన్యంలో మెల్లగా వేడిచేసి బాగుచేసే పద్ధతి ఉంది గానీ, అది వారాంతాలు మింగే పని. మీకు కావలసింది నీటి ద్రావణమే అయితే ఇంత హైరానా అక్కర్లేదు, హైడ్రేట్ సరిపోతుంది. నీరులేని రకాన్నే కరిగించాలంటే నీళ్లలో పొడిని చిటికెడు చిటికెడుగా వేయండి. పొడి మీద నీళ్లు పోయకండి, బాగా వేడెక్కుతుంది.

తూకం, నింపడం అన్నీ దేనితోనూ చర్య జరపని ఆర్గాన్ వాయువు నింపిన గ్లవ్ బాక్స్‌లోనే, అంటే గోడకు బిగించిన తొడుగుల్లోంచి చేతులు పెట్టి పనిచేసే మూసిన పెట్టెలోనే. లోపలి నీటి ఆవిరి, ఆక్సిజన్ రెండూ ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) లోపు ఉన్నాయని మీటరు చూశాకే చేతులు పెట్టండి. సామాను పంపే చిన్న గదిని శూన్యం చేసి ఆర్గాన్ నింపడం మూడుసార్లు జరగాలి. ఖాళీ సీసాల మూతలు వదులు చేసి పంపండి. బిగించి పంపితే చెన్నై గాలి సీసాలో కూర్చుని దర్జాగా లోపలికి వెళుతుంది. కాగితం, దూది, తుడిచే గుడ్డ చూడటానికి పొడిగానే ఉంటాయి గానీ నీళ్లు దాచుకుంటాయి. ముందురోజు రాత్రంతా వేడి ఓవెన్‌లో ఉంచనిదే ఏదీ పంపకండి. గాజులు, ఉంగరాలు తీసేయండి. పెళ్లి ఉంగరం తీయనని భీష్మించేవాళ్లుంటారు. గ్లవ్‌కు చిల్లు పడితే వాళ్లకే తెలుస్తుంది.

లాంథనం బ్రోమైడ్ పొడి మనకు ఆంప్యూల్‌లో, అంటే ఆర్గాన్ నింపి మూసేసిన చిన్న గాజు సీసాలో వస్తుంది. మెడ దగ్గర గాజు కోసే కత్తితో ఒకే ఒక్క గీత గీసి, గీతను అవతలి వైపు ఉంచి, గుడ్డ చుట్టి రెండు బొటనవేళ్లతో వంచండి. టక్కుమంటుంది. పెంకులు గ్లవ్‌ను కోయకుండా పైన నూలు గ్లవ్ తొడగండి. లోపల చెమ్మ లేదు కాబట్టి స్థిర విద్యుత్తు ఎక్కువ. పొడి స్పాచులా (పొడి తీసే చిన్న గరిటె) నుంచి ఎగిరి తూకపు పళ్లెం అంచుకు అతుక్కుంటుంది. పూసల రకం కొంటే ఆ గోల చాలా తగ్గుతుంది. బాక్స్ బయట తడి బ్రోమైడ్ తగిలిన స్టీలు స్పాచులా తుప్పు పడుతుంది, వెంటనే కడగండి.

మనిషికి ఇది భయంకర విషం కాదు. అయినా కళ్లను, చర్మాన్ని, ముక్కును మండిస్తుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. కంట్లో పడితే పదిహేను నిమిషాలు ఆగకుండా నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లండి. బల్ల మీద ఒలికితే మాస్కు పెట్టుకుని, దుమ్ము లేవకుండా పొడిగానే ఎత్తి, తడిగుడ్డతో తుడవడం ఆ తర్వాతే.

డిటెక్టర్‌లోని స్ఫటికం అల్యూమినియం డబ్బాలో సీలు చేసి ఉంటుంది. దాన్ని విప్పి చూడాలనే సరదా వద్దు. ఏసీ గదిలోంచి ఒక్కసారిగా ఎండలోకి తీసుకెళ్లకండి. ఈ స్ఫటికం వేడికి అన్ని దిక్కులా ఒకేలా వ్యాకోచించదు, పగులుతుంది. రేడియో ధార్మిక మూలమేదీ దగ్గర లేకపోయినా తెర మీద 1,400 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణాల శక్తికి కొలత) దాటి ఒక శిఖరం కనిపిస్తే కంగారుపడకండి. సహజ లాంథనంలో 0.09 శాతం ఉండే లాంథనం-138 నుంచి వచ్చే 1,436 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా అది. ఎక్స్‌రే కూడా తోడవడంతో శిఖరం కాస్త పైకి జరిగి కనిపిస్తుంది. మనకు హాని లేదు గానీ బలహీనమైన మూలాన్ని కొలిచేటప్పుడు అడ్డమే. అప్పుడు సీరియం బ్రోమైడ్ స్ఫటికం నయం.

వ్యర్థాన్ని సింకులో పోయకండి. పేరు, తేదీ రాసిన విడి సీసాలో పోసి భద్రతాధికారికి అప్పగించండి. నైట్రిక్ ఆమ్లం వ్యర్థాల డబ్బాలో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కలపవద్దు, బ్రోమిన్ పుడుతుంది. ఎర్రటి గోధుమరంగు పొగ కనిపిస్తే మూత కోసం వెతకకుండా ఫ్యూమ్ హుడ్ (పొగలను బయటికి లాగే అర) తలుపు దించేసి, అందర్నీ వెంటబెట్టుకుని బయటికి వచ్చేయండి.