చదువు మధ్యలో ఆగిపోకుండా పేదపిల్లల్ని పట్టా దాకా ఎలా తీసుకెళ్లాలి?

ఇది ప్రైవేట్ ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీల్లో పనిచేసేవాళ్ల కోసం రాస్తున్నాను. ప్రిన్సిపాల్, లెక్చరర్, కౌంటర్‌లో ఫీజు తీసుకునే క్లర్క్, బస్సుల ఇన్‌చార్జి, ఎవరైనా సరే. కౌలురైతుల పిల్లలు, కూలికి వెళ్లేవాళ్ల పిల్లలు, ఇంట్లో అందరికంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు మన క్లాసుల్లో చాలామంది ఉంటారు. వీళ్లు చదువు ఒక్కరోజులో మానేయరు. ముందు ఒక సోమవారం రారు. తర్వాత మిడ్ ఎగ్జామ్ రాయరు. ఆ తర్వాత ఫోన్ ఎత్తరు. ఈలోపు ఎవరో ఒకరు పట్టించుకుంటే నిలబడతారు. ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు, వాళ్లను ఇంటికి పంపేది ట్యూషన్ ఫీజు కంటే చిన్న చిన్న ఖర్చులే.

1. చేరిన వారంలోనే కాగితాలు సరిచూడండి

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అని తల్లిదండ్రులు ధైర్యంగా చేర్పిస్తారు. తీరా చూస్తే పదో తరగతి మెమోలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు అయి ఉండదు. ఆదాయ సర్టిఫికెట్ పాతది. దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్ తెలంగాణలో ఈపాస్ అయినా, ఆంధ్రాలో జ్ఞానభూమి అయినా ఇలాంటి చిన్న తేడాకే దరఖాస్తు ఆగిపోతుంది. ఆఫీసులో ఒకరికి ఈ పనే అప్పగించండి. మొదటి వారంలో సెక్షన్ల వారీగా పిల్లల్ని కూర్చోబెట్టి, కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. రెన్యువల్ సమయంలో ప్రతి ఏడాదీ ఇదే పని మళ్లీ చేయాలి.

డబ్బు లెక్క కూడా మొదటిరోజే తెలుగులో, కాగితం మీద రాసి ఇవ్వండి. తెలంగాణలో ఎంట్రన్స్ పరీక్షలో పదివేలు దాటిన ర్యాంకుతో ఇంజినీరింగ్‌లో చేరిన బీసీ విద్యార్థికి సాధారణంగా 35,000 రూపాయల వరకే ప్రభుత్వం ఇస్తుంది. మిగతాది ఇంటివాళ్లే కట్టుకోవాలి. ఈ విషయం రెండో ఏడాదిలో తెలిస్తే ఆ ఇంట్లో ఎంత టెన్షనో ఊహించండి.

సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ అనుమతి ఉన్న కాలేజీల్లో అమ్మాయిలకు ప్రగతి స్కాలర్‌షిప్, దివ్యాంగులకు సక్షమ్ ఉన్నాయి. ఏడాదికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. నోటీసు బోర్డు మీద పెట్టి ఊరుకోకుండా అర్హత ఉన్న ప్రతి అమ్మాయినీ పిలిచి చెప్పండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, అప్పుడే తిరిగి ఇచ్చేయండి. అవి కాలేజీ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూనివర్సిటీ చదువులను చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ప్రభుత్వం నుంచి బకాయిలు రాక కాలేజీలు ఇబ్బంది పడుతున్న మాట నిజమే. కానీ ఆ బకాయి ఆ పిల్లవాడిది కాదు. మెమో ఆపితే అతని ఉద్యోగం ఆగుతుంది తప్ప బకాయి రాదు.

2. చిన్న ఖర్చుల దగ్గర కాపు కాయండి

కొన్నేళ్ల కింద నేను బాగోగులు చూసే మెంటరింగ్ గ్రూపులో ఒక అబ్బాయి ఉండేవాడు. రోజూ ముందు బెంచీలో కూర్చునేవాడు. నవంబరులో వరసగా పది రోజులు రాలేదు. ఫోన్ చేస్తే "జ్వరం సార్" అన్నాడు. వెనకాల ఆడవాళ్ల మాటలు, గాలి చప్పుడు. పొలంలో ఉన్నాడని అర్థమైంది. రెండోరోజు మళ్లీ చేసి నెమ్మదిగా అడిగితే చెప్పాడు. బస్సు ఫీజు రెండో వాయిదా కట్టలేదని అందరి ముందూ బస్సు దింపేశారట. మర్నాటి నుంచి అమ్మతో కలిసి పత్తి ఏరడానికి వెళ్తున్నాడు. "పత్తి అమ్మగానే కడతాం సార్, అప్పుడొస్తా" అన్నాడు. అప్పటికి అటెండెన్స్ పోతుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత మేము మూడు పనులు మొదలుపెట్టాం. మీరూ చేయొచ్చు.

బాకీ సంగతి క్లాసులోగానీ బస్సులోగానీ ఎత్తకూడదు. పెద్దవాళ్లకు ఫోన్ చేసి మాట్లాడాలి.

వాయిదాలు పంట డబ్బు చేతికొచ్చే నెలల్లో పెట్టాలి. పత్తి, మిర్చి, వరి పండించే ఊళ్లకు ఏ నెలలో చేతిలో డబ్బు ఆడుతుందో ఆ ఊరి పిల్లలే చెబుతారు.

మూడోది, ఒక చిన్న నిధి. స్టాఫ్ నెలకు తోచినంత వేస్తారు, పాత విద్యార్థులు కొంత పంపుతారు. పరీక్ష ఫీజు, బస్సు పాస్, కళ్లద్దాలు, ల్యాబ్ రికార్డులు లాంటివాటికి అదేరోజు ఇచ్చేయాలి. ఒక్కరి సంతకం చాలు. "మేము చాలా పేదవాళ్లం" అని పిల్లల చేత అర్జీ రాయించకండి. ఆ అర్జీ రాయలేకే అడగకుండా వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు.

అన్నట్టు, ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడపిల్లలకు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ప్రయాణం ఉచితం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు నుంచి. బస్సు వచ్చే వేళ, మొదటి పీరియడ్ మొదలయ్యే వేళ కలవకపోతే డిపో మేనేజర్‌తో మాట్లాడండి. కుదరకపోతే మీ టైమ్‌టేబులే పావుగంట జరపండి.

3. మొదటి సెమిస్టర్‌లో తెలుగులో చెప్పండి

తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన పిల్ల ఎం-1 (మొదటి సెమిస్టర్ లెక్కలు) క్లాసులో మాట్రిసెస్ అర్థంకాక కూర్చుంటే అది తెలివి తక్కువై కాదు. "విలోమ మాత్రిక" అంటే ఆ అమ్మాయి ఠక్కున చేసి చూపిస్తుంది. "ఇన్వర్స్" అంటే ఆగిపోతుంది. మొదటి నెలలో రోజూ ఒక గంట ఈ రెండు పేర్లనూ పక్కపక్కన రాసి చెప్పే క్లాసు పెట్టండి. ఏఐసీటీఈ చెప్పిన కొత్తగా చేరినవాళ్లకు కాలేజీని అలవాటు చేసే మూడు వారాల ఇండక్షన్‌లో సగం దీనికే వాడుకోవచ్చు. ల్యాబ్ వైవాలో తెలుగులో చెప్పినా మార్కులు వేయండి. పాలిటెక్నిక్ చేసి ఈసెట్ అనే ఎంట్రన్స్‌తో నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లు ల్యాబ్‌లో గట్టివాళ్లే, లెక్కల్లో ఇబ్బంది పడతారు. వాళ్లకు విడిగా క్లాసు కావాలి.

ఒక్కరినే చదివించడం కంటే జట్టుగా చదివిస్తే మేలు. అమెరికాలో 1989లో మొదలైన పాసీ ఫౌండేషన్ ఒకే నగరం నుంచి సుమారు పదేసి మందిని ఎంపిక చేసి, అందరినీ ఒకే కాలేజీకి పంపుతుంది. అలా చేరినవాళ్లలో అత్యధికులు డిగ్రీ పూర్తిచేస్తున్నారు. మనమూ ఒకే మండలం నుంచో, ఒకే బస్సు రూటు నుంచో వచ్చే పదిమందిని ఒక గ్రూపు చేసి, అదే దారిలో వచ్చే సీనియర్‌ని జతచేయొచ్చు.

4. ప్రతి సోమవారం లిస్టు తీయండి

జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపి, ఫీజు కట్టి గట్టెక్కవచ్చు. 65 తగ్గితే డిటెయిన్ అవుతారు, అంటే పరీక్షలు రాయనివ్వరు, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. డిటెయిన్ అయిన పేదపిల్లల్లో మళ్లీ వచ్చేవాళ్లు తక్కువ. అందుకే సెమిస్టర్ చివర లిస్టు తీయడం దండగ. వరసగా మూడురోజులు రాకపోతే మెంటర్ ఫోన్ చేయాలి. మొదటి మాట "ఎందుకు రాలేదు?" అని కాకుండా "ఎలా ఉన్నావమ్మా, ఇంట్లో అంతా బాగున్నారా?" అని ఉండాలి.

అమ్మాయి రావడం మానేస్తే సంబంధాలు చూస్తున్నారేమో కనుక్కోండి. ఇద్దరు మహిళా లెక్చరర్లు ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడాలి. పెళ్లి ఆపమని అడిగితే వినకపోవచ్చు. పెళ్లయినా పరీక్షలు రాయిస్తామని అత్తింటివాళ్లతో మాట తీసుకోమంటే చాలాసార్లు వింటారు.

5. పని కావాలంటే క్యాంపస్‌లోనే ఇవ్వండి

రాత్రిళ్లు డెలివరీ పని చేసి పొద్దున క్లాసులో నిద్రపోయే అబ్బాయిలు ఉన్నారు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని బెరియా కాలేజీ 1892 నుంచి ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. అక్కడ ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు కాలేజీలోనే పనిచేస్తాడు. మనకు అంత స్తోమత లేకపోయినా లైబ్రరీలో, కంప్యూటర్ ల్యాబ్‌లో, జూనియర్లకు సాయంత్రం ట్యూషన్ చెప్పడంలో పని ఇచ్చి డబ్బులివ్వొచ్చు.

6. ఫైనలియర్ అయిపోయాక కూడా వదలకండి

నాలుగేళ్లూ చదివి, ఒక్క బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) మిగిలి పట్టా రానివాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్లు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఏదో ఒక చిన్న పనిలో ఉంటారు. సప్లిమెంటరీ నోటిఫికేషన్ వచ్చిందని వాళ్లకు చెప్పేవాళ్లే ఉండరు. ఎగ్జామ్ బ్రాంచ్ నుంచి గత నాలుగు బ్యాచ్‌ల లిస్టు తీసుకోండి. ఎవరికి ఏ సబ్జెక్టు ఉందో పేరు పక్కన రాసుకోండి. నోటిఫికేషన్ పడిన రోజే ఫోన్ చేసి, ఫీజుకు ఇబ్బందైతే నిధి నుంచి కట్టేయండి. ఆ సబ్జెక్టు చెప్పే లెక్చరర్ ఆదివారాలు రెండు గంటలు ఆన్‌లైన్‌లో చెబితే ఊరు మారినవాళ్లూ వింటారు. నంబర్ మారిపోయి ఉంటే వాళ్ల ఊరి నుంచి ఇప్పుడు మీ దగ్గర చదువుతున్న పిల్లల్ని అడగండి, ఇల్లు ఎక్కడో చెబుతారు.