రెండు చిన్న దేశాల సరుకుల దిగుమతులను పోల్చడం ఎలా?

గుంటూరు, విజయవాడ కాలేజీల్లో కామర్స్, ఎకనామిక్స్ చదివేవాళ్లకు నా సలహా: ప్రాజెక్టుకు అమెరికా, చైనా కాకుండా భూటాన్, మాల్దీవుల లాంటి చిన్న దేశాలు తీసుకోండి. ఒక్క ప్రభుత్వ నిర్ణయం కూడా వాటి లెక్కల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ముందుగా ప్రపంచ బ్యాంకు సైట్‌లో దిగుమతుల డేటా దించుకోండి, ఉచితమే. అక్కడ ఒకే రకంగా అనిపించే వరుసలు రెండుంటాయి. ఒకటి చెల్లింపుల శేషం (బ్యాలెన్స్ ఆఫ్ పేమెంట్స్, అంటే ఒక దేశం విదేశాలతో జరిపే లావాదేవీల లెక్క) నుంచి వచ్చింది, రెండోది కస్టమ్స్ లెక్కల ఆధారంగా తయారైంది. సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. మిర్చి ఎగుమతిదారులకు ఈ తేడా బాగా తెలుసు. గుంటూరు యార్డులో కొన్న టిక్కీలు (మిర్చి బస్తాలు) చెన్నై రేవులో ఓడ ఎక్కేదాకా అయ్యే మొత్తం ఎఫ్‌ఓబీ. దానికి ఓడ కిరాయి, బీమా కలిపితే సీఐఎఫ్. చెల్లింపుల శేషంలో దిగుమతులను ఎఫ్‌ఓబీలో చూపిస్తారు, కస్టమ్స్ లెక్క సాధారణంగా సీఐఎఫ్‌లో ఉంటుంది. మాల్దీవులకు సరుకంతా సముద్రం దాటి రావాలి. భూటాన్‌కు మన దేశం నుంచి వెళ్లే సరుకు చాలావరకు మన సరిహద్దు పట్టణం జైగావ్ దాటి, అవతల ఉన్న భూటాన్ పట్టణం ఫుంట్‌షోలింగ్‌కు లారీల్లో చేరుతుంది. అందుకే రవాణా ఖర్చు రెండు దేశాలకూ ఒకేలా ఉండదు. ఒక దేశానికి ఒక వరుస, ఇంకో దేశానికి ఇంకో వరుస వాడితే లేని తేడా పుట్టుకొస్తుంది.

తర్వాత రెండింటికీ ఒకే ఆధార సంవత్సరం పెట్టి, దాన్ని 100గా తీసుకోండి. దిగుమతులు 80 నుంచి 120కి పెరిగితే సూచీ 150 అవుతుంది. 2020ని మాత్రం ఆధారంగా పెట్టకండి. ఆ ఏడాది మార్చి చివరి నుంచి జులై మధ్య వరకు మాల్దీవులు పర్యాటకులను రానివ్వలేదు. పడిపోయిన ఏడాదితో పోలిస్తే ఏదైనా భారీగా పెరిగినట్టే ఉంటుంది. డేటా లేని ఏళ్లను ఖాళీగా వదిలేయండి, అంచనాతో నింపొద్దు.

డాలర్ల విషయంలో ఇంకో చిక్కుంది. భూటాన్ కరెన్సీ ఎంగుల్‌ట్రుమ్ మన రూపాయితో సమానం, దాని దిగుమతుల్లో ఎక్కువ భాగం మన దేశం నుంచే. డాలర్‌తో రూపాయి విలువ పడితే, రూపాయల్లో అదే ధరకు అంతే సరుకు వచ్చినా డాలర్లలో తగ్గినట్టు కనిపిస్తుంది. మాల్దీవుల రుఫియా 2011 నుంచి డాలర్‌కు 15.42 దగ్గరే ఉంది. అందుకని సొంత కరెన్సీలో కూడా ఒక గ్రాఫ్ గీయండి.

తలసరి లెక్క ఒక్కదాన్నే నమ్మొద్దు. సుమారు 5 లక్షల జనాభా ఉన్న మాల్దీవులకు 2023లో 18 లక్షల మందికి పైగా పర్యాటకులు వచ్చారు. హోటళ్లు తెప్పించే సరుకు కూడా స్థానికుల ఖాతాలో పడిపోతుంది. జీడీపీలో దిగుమతుల శాతం కూడా పక్కనే పెట్టండి.

గ్రాఫ్ వంగిన ప్రతిచోటా కారణం వెతకండి. విదేశీ మారకం కాపాడుకోవడానికి భూటాన్ 2022 ఆగస్టులో చాలా రకాల వాహనాల దిగుమతి ఆపేసింది. 2016లో పురుగుమందుల అవశేషాల వల్ల మన దేశపు మిర్చిని ఆపింది. మన ప్రాంతానికి ఇంత దగ్గరి విషయం మొత్తం దిగుమతుల అంకెలో కనిపించదు, సరుకు కోడ్ (కస్టమ్స్ లెక్కల్లో ఒక్కో రకం సరుకుకు ఇచ్చే నంబరు) దాకా వెళ్లాలి. పచ్చిమిర్చి, క్యాప్సికం 070960లో ఉంటాయి. ఎండుమిర్చి 090421, కారం 090422. 2012కు ముందు ఈ రెండూ 090420లోనే ఉండేవి కాబట్టి పాత ఏళ్లతో పోల్చేటప్పుడు రెండింటినీ కలపండి.

చివరగా, భూటాన్ చూపిన దిగుమతిని మన దేశం చూపిన ఎగుమతితో సరిచూడండి. మన వార్షిక లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు కనుక, నెలవారీ అంకెలు తీసుకుని జనవరి నుంచి డిసెంబరు వరకు కూడుకోవాలి.