ఆఫ్‌రోడ్ వాహనంలో రియర్ కంట్రోల్ ఆర్మ్‌ల మార్పు: రవాణా శాఖ అనుమతికి దరఖాస్తు విధానం

మహీంద్రా థార్, మారుతి సుజుకి జిమ్నీ, ఫోర్స్ గూర్ఖా వంటి వాహనాల్లో వెనుక యాక్సిల్ ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే గట్టి దూలంలా ఉంటుంది. దానిని చాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి పట్టి ఉంచి, బ్రేకు వేసినా గేరు అందుకున్నా ముందుకూ వెనక్కూ కదలకుండా ఆపేవి కంట్రోల్ ఆర్మ్‌లు. రాళ్ల దారుల్లో తిరిగే బండికి కంపెనీ ఇచ్చిన ఆర్మ్‌లు వంగుతున్నాయనో, వాటి చివర్లలోని రబ్బరు బుష్‌లు త్వరగా అరిగిపోతున్నాయనో, వాటి స్థానంలో మందమైన గొట్టంతో చేసిన ఆర్మ్‌లు, పొడవు సర్దుకునే అడ్జస్టబుల్ ఆర్మ్‌లు వేయించుకోవాలని చాలామంది యజమానులు అనుకుంటారు. మెకానిక్‌కు ఇది ఒక పూట పని. అదే బండి రిజిస్టరై ప్రజా రహదారి మీద తిరుగుతున్నప్పుడు మాత్రం ఇది మోటారు వాహనాల చట్టం, 1988 పరిధిలోకి వచ్చే విషయం కాబట్టి, బోల్టు విప్పకముందే రవాణా కార్యాలయానికి దరఖాస్తు చేసుకోవడం మంచిది.

ఏ మార్పుకు అనుమతి కావాలి

చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ (ఆర్‌సీ)లోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మారేలా ఏ యజమానీ వాహనాన్ని మార్చకూడదు. వాహన నిర్మాణంలో చేసే మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారితే దానిని ‘ఆల్టరేషన్’గా పరిగణిస్తారని ఆ సెక్షన్ వివరణ చెబుతుంది. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగానే నిలబెట్టింది. అదే ఏడాది చట్టానికి జరిగిన సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ నాలుగో ఉపవిభాగం కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ప్రతి మార్పుకూ రూ.5,000 జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు.

కంట్రోల్ ఆర్మ్ గురించి ఆర్‌సీలో ఒక్క మాట కూడా ఉండదు. అందుకే ‘ఆర్‌సీలో లేని పార్టుకు అనుమతి దేనికి’ అనే వాదన తరచుగా వినిపిస్తుంది. ఆర్మ్ పేరు లేకపోయినా, ఆ ఆర్మ్ నిర్ణయించే కొలత ఒకటి ఆర్‌సీలో ఉంటుంది. అది వీల్‌బేస్, అంటే ముందు చక్రాల మధ్యబిందువు నుంచి వెనుక చక్రాల మధ్యబిందువు దాకా ఉండే దూరం. మూడు డోర్ల థార్‌కు 2,450 మి.మీ., అయిదు డోర్ల జిమ్నీకి 2,590 మి.మీ., మూడు డోర్ల గూర్ఖాకు 2,400 మి.మీ. అని తయారీదారు ప్రకటించిన అంకెను వెనుక వైపు నిలబెట్టేది ఆర్మ్ పొడవే. ఖాళీ వాహనం బరువు కూడా ఆర్‌సీలో నమోదై ఉంటుంది. దరఖాస్తు మొత్తం ఈ రెండు అంకెల చుట్టూ, వాటితో పాటు బండి ఎత్తు చుట్టూ తిరుగుతుందని ముందుగానే గ్రహిస్తే, ఏ కాగితం ఎందుకు అడుగుతున్నారో తేలికగా అర్థమవుతుంది.

అరిగిన ఆర్మ్ స్థానంలో అదే కంపెనీ, అదే పార్ట్ నంబరు గల ఆర్మ్ వేయించుకోవడం మరమ్మతు మాత్రమే. బిల్లు దాచుకుంటే చాలు. పొడవు, బిగింపు స్థానాలు యథాతథంగా ఉండి లోహం మాత్రమే దృఢమైనదైతే, అది ఆల్టరేషన్ అవునా కాదా అన్నది తేల్చవలసింది రిజిస్టరింగ్ అథారిటీ, అంటే వాహనాలను రిజిస్టరు చేసే రవాణా అధికారి. ఇటువంటి సందర్భంలో మౌఖికంగా అడిగి ఊరుకోకుండా లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి జవాబు తీసుకోవడమే యజమానికి రక్ష. అడ్జస్టబుల్ ఆర్మ్‌లకు, లిఫ్ట్ కిట్‌తో (బండి ఎత్తు పెంచే సామగ్రితో) కలిపి వేసే ఆర్మ్‌లకు దరఖాస్తు తప్పదనే భావించాలి. ఇక చాసిస్ మీది బ్రాకెట్లను కోసి వేరే చోట వెల్డింగ్ చేయడం నేరుగా నిర్మాణపు మార్పు కిందికే వస్తుంది. దానికి అనుమతి వస్తుందన్న ఆశతో డబ్బు ఖర్చు పెట్టవద్దు.

దరఖాస్తుకు ముందు తీసుకోవలసిన కొలతలు

బండిని చదునైన నేల మీద, స్టీరింగు నిటారుగా ఉంచి, టైర్లలో నిర్దేశిత గాలి నింపి నిలబెట్టాలి. ముందు చక్రం హబ్ మధ్య నుంచి ఒక లంబసూత్రం, వెనుక చక్రం హబ్ మధ్య నుంచి మరొకటి వేలాడదీసి, నేల మీద గుర్తులు పెట్టి వాటి మధ్య దూరం కొలవాలి. ఈ పని కుడివైపూ ఎడమవైపూ విడివిడిగా చేయాలి. రెండు వైపులా అంకెలు కలవకపోతే యాక్సిల్ ఇప్పటికే వంకరగా కూర్చుందని అర్థం; దానిని సరిచేయకుండా కొత్త ఆర్మ్‌ల కోసం దరఖాస్తు పెడితే, ఆ తేడా రేపు కొత్త ఆర్మ్‌ల ఖాతాలో పడుతుంది.

లిఫ్ట్ ఉన్న బండి విషయంలో చిన్న లెక్క ఒకటి వేసి చూపడం ఉపయోగకరం. ఆర్మ్ పొడవు 600 మి.మీ. అనీ, చాసిస్ వైపు చివర కంటే యాక్సిల్ వైపు చివర 50 మి.మీ. కిందికి ఉందనీ అనుకుందాం. అప్పుడు నేలకు సమాంతరంగా ఆ ఆర్మ్ ఆక్రమించే దూరం సుమారు 598 మి.మీ. బాడీని మరో 50 మి.మీ. పైకి లేపితే ఆర్మ్ వాలు పెరిగి ఆ దూరం సుమారు 592 మి.మీ.కు తగ్గుతుంది. అంటే యాక్సిల్ దాదాపు 6 మి.మీ. ముందుకు జరిగి, వీల్‌బేస్ ఆ మేరకు కుదించుకుపోతుంది. అడ్జస్టబుల్ ఆర్మ్‌ను ఆ కొద్దిపాటి పొడవు పెంచి బిగిస్తే యాక్సిల్ తన పాత చోటికి చేరుతుంది. ‘వీల్‌బేస్‌ను మార్చడానికి కాక, ఆర్‌సీలోని అంకె దగ్గర నిలపడానికే ఈ ఆర్మ్ కోరుతున్నాము’ అని దరఖాస్తులో ఈ లెక్కతో సహా రాస్తే అధికారికి పరిశీలించడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆర్మ్‌లకు అనుమతి వచ్చినంత మాత్రాన లిఫ్ట్‌కు అనుమతి వచ్చినట్లు కాదు. ఎత్తు పెరిగితే గురుత్వ కేంద్రం పైకి వెళ్లి, మలుపుల్లో బండి ఒరిగే తీరు మారుతుంది. దానిని అధికారి వేరే మార్పుగానే చూస్తారు. బండి ఎత్తు ముట్టుకోకుండా ఆర్మ్‌లు మాత్రమే మార్చేటట్లయితే దరఖాస్తు శుభ్రంగా, సూటిగా ఉంటుంది. రెండూ కావలసినవారు రెండింటినీ దాచకుండా ఒకే దరఖాస్తులో చూపాలి.

జతపరచవలసిన పత్రాలు

ఆర్‌సీ, అమల్లో ఉన్న బీమా పాలసీ, కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం, యజమాని గుర్తింపు, చిరునామా పత్రాలు ఎటూ కావాలి. వాహనం మీద రుణం ఉంటే బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ నుంచి ఈ మార్పుకు ప్రత్యేకంగా రాసిన నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. రుణం తీరిపోయి కూడా ఆర్‌సీలో హైపోథికేషన్ (రుణదాత హక్కు నమోదు) రద్దు కాకుండా మిగిలిపోయి ఉంటే ముందుగా ఆ పని పూర్తి చేసుకోవాలి.

సాంకేతిక పత్రాల దగ్గరే ఎక్కువ దరఖాస్తులు ఆగిపోతాయి. ఆర్మ్ తయారీదారు పేరు, పార్ట్ నంబరు, ఏ మోడల్‌కు ఏ సంవత్సరపు బండికి సరిపోతుందో తెలిపే పత్రం, జీఎస్టీ బిల్లు, కొలతలతో కూడిన డ్రాయింగ్, లోహం వివరం, బుష్ రకం ఇవన్నీ ఉండాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 126వ నిబంధన కింద గుర్తింపు పొందిన పుణె ఏఆర్‌ఏఐ, మానేసర్ ఐక్యాట్ వంటి పరీక్షా సంస్థల నివేదిక ఆ పార్టుకు ఉందేమో కొనకముందే తయారీదారును అడగాలి. ఒక్క బండి యజమాని సొంతంగా అటువంటి పరీక్ష చేయించుకోవడం ఆచరణలో కష్టం. నివేదిక ఉన్న ఆర్మ్‌కూ, పక్క వీధి వర్క్‌షాపులో గొట్టం కోసి వెల్డింగ్ చేసిన ఆర్మ్‌కూ చూడడానికి తేడా కనిపించకపోవచ్చు. దరఖాస్తు మీద సంతకం చేయవలసిన అధికారి దృష్టిలో మాత్రం ఆ తేడా చాలా పెద్దది.

పాత ఆర్మ్‌లు బిగించి ఉన్నప్పటి ఫొటోలు, మార్పుకు ముందు తీసిన వీల్‌బేస్ కొలతల పట్టిక, వేబ్రిడ్జి కాటా చీటీ కూడా జత చేయాలి. ఆర్మ్‌ల బరువులోని స్వల్ప తేడాను కాటా పట్టుకోలేకపోవచ్చు. అయినా ఖాళీ బరువు ఆర్‌సీ అంకెతో పోలుతోందని చూపడానికి ఆ చీటీ పనికొస్తుంది.

దరఖాస్తు దాఖలు

రాష్ట్ర రవాణా శాఖ పోర్టల్‌లో గానీ, పరివాహన్ పోర్టల్‌లోని వాహన్ సేవల్లో గానీ ‘ఆల్టరేషన్’ సేవను ఎంచుకోవాలి. వాహన్‌లో రిజిస్ట్రేషన్ నంబరు, చాసిస్ నంబరులోని చివరి అయిదు అక్షరాంకెలు నమోదు చేస్తే, ఆర్‌సీకి జోడించిన మొబైల్‌కు ఓటీపీ వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండ్లకు పాత యజమాని నంబరే ఉండిపోవడం మామూలు. ముందు దానిని మార్పించుకోవాలి. మార్పు వివరం రాసే చోట ‘సస్పెన్షన్ మార్పు’ అని ముక్తసరిగా ముగించకుండా, ఎన్ని ఆర్మ్‌లు, పైవా కిందివా, పొడవు ఎంత, చాసిస్ బ్రాకెట్లను ముట్టుకోవడం లేదన్న ప్రకటన, మార్పు తరువాత ఉండబోయే వీల్‌బేస్, ఎత్తు, బరువు పూర్తిగా రాయాలి. రుసుము పోర్టల్‌లోనే కనిపిస్తుంది. చెల్లించాక వచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ ప్రతిని దాచుకోవాలి.

అనుమతి ఉత్తర్వు చేతికి వచ్చాకే పని మొదలుపెట్టాలి. అనుమతి లేకుండా మార్పు జరిగిపోయి ఉంటే, 14 రోజుల లోపల ఆ సంగతిని తాను నివసించే ప్రాంతపు రిజిస్టరింగ్ అథారిటీకి తెలియజేసి, ఆర్‌సీనీ రుసుమునూ సమర్పించాలని 52వ సెక్షన్ చెబుతోంది. అయితే తెలియజేయడం వల్ల అనుమతించరాని మార్పు అనుమతించదగినదిగా మారిపోదు. ఈ 14 రోజులను గడువుగా భావించి ముందు బిగించేసి తరువాత చూద్దాం అనుకోవడం ప్రమాదకరం.

బిగింపు, తనిఖీ

రబ్బరు బుష్ ఉన్న ఆర్మ్‌ను బిగించేటప్పుడు బోల్టుకు చివరి టార్క్ (నిర్దేశిత బిగింపు బలం) ఇచ్చే సమయంలో బండి బరువు చక్రాల మీదే ఉండాలి. యాక్సిల్ గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండిని కిందికి దించగానే బుష్‌లోని రబ్బరు మెలిపడి, ఆ మెలికతోనే తిరుగుతూ తొందరగా చిరిగిపోతుంది. వర్క్‌షాపు ఇచ్చే ధ్రువీకరణ లేఖలో ఈ విషయం, ప్రతి బోల్టుకు ఇచ్చిన టార్క్, లాక్‌నట్ల బిగింపు రాయించుకోవాలి. దాంతోపాటు వీల్ అలైన్‌మెంట్ నివేదిక, మార్పు తరువాతి వీల్‌బేస్ కొలతలు సిద్ధం చేసుకొని తనిఖీకి స్లాట్ తీసుకోవాలి.

మోటారు వాహన తనిఖీ అధికారి మొదట చాసిస్ నంబరు చూస్తారు. చాలా చోట్ల దాని పెన్సిల్ ప్రింట్ (కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చు) కూడా తీస్తారు. బురదలో తిరిగే బండికి ఆ నంబరు మట్టి కింద పూడుకుపోయి ఉంటుంది. దానిని నీళ్లతో, గుడ్డతో మాత్రమే శుభ్రం చేయాలి. వైరు బ్రష్‌తోనో గ్రైండర్‌తోనో గీకితే అంకెల మీద గీతలు పడి, లేని అనుమానం పుడుతుంది. ఆపైన ఆర్మ్ మీద చెక్కిన పార్ట్ నంబరు బిల్లుతో సరిపోతుందా, వెల్డింగ్ అతుకులు నిండుగా ఉన్నాయా, అడ్జస్టబుల్ ఆర్మ్ మర బయటకు అతిగా రాలేదా, యాక్సిల్ పూర్తిగా కిందికి జారినప్పుడు బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ లాగుకుపోకుండా వదులు ఉందా అన్నవి పరీక్షకు వచ్చే అంశాలు. పై ఆర్మ్, కింది ఆర్మ్ పొడవుల పొందిక చెడితే యాక్సిల్ మధ్యలోని డిఫరెన్షియల్ (గేర్ల పెట్టె) ముక్కు పైకో కిందికో తిరిగి, దానికి ఇంజిన్ శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ల కోణం మారుతుంది. నడిపి చూసినప్పుడు వేగంలో అదురు రూపంలో అది బయటపడుతుంది కాబట్టి, తనిఖీకి వెళ్లకముందే యజమాని స్వయంగా బండిని నడిపి చూసుకోవాలి.

ఉత్తర్వు తరువాత

అనుమతి నమోదైన ఆర్‌సీ ప్రతిని బీమా సంస్థకు పంపి, పాలసీలో ఈ మార్పుకు ఎండార్స్‌మెంట్ (మార్పును పాలసీలో నమోదు చేయడం) చేయించుకోవాలి. అది లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు సొంత నష్టం క్లెయిమ్‌పై వివాదం రావచ్చు. దరఖాస్తును తిరస్కరిస్తే కారణాలతో కూడిన ఉత్తర్వును రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి; అది అందిన 30 రోజుల లోపల 57వ సెక్షన్ కింద నిర్దేశిత అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు తేలేవరకు బండి రోడ్డు మీద తిరగాలంటే పాత ఆర్మ్‌లే ఉండాలి కనుక, వాటిని బోల్టులతో సహా తుక్కుకు వేయకుండా భద్రపరచాలి.