జపనీస్ చెవికెక్కాలంటే తెలుగులో రాయండి

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర సాయంత్రం బ్యాచ్‌కి జపనీస్ చెప్తుంటాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నర్సింగ్, డిప్లొమా పిల్లలు. లిపి, వ్యాకరణం కష్టపడి పట్టేస్తారు. ఆడియో పెట్టగానే మాత్రం టెన్షన్. "శానా స్పీడు సార్ వాళ్లు" అంటారు. అదే వాక్యం కాగితం మీద చూపిస్తే గడగడా చదివేస్తారు. అంటే తెలిసిన మాటే చెవికి వేరేగా పడుతోందన్నమాట.

ఇలా చేయండి. ఇరవై సెకన్ల ఆడియో చాలు, ఎక్కువ వద్దు. వాక్యానికొకసారి ఆపి, విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో రాయండి. ఇప్పుడే అర్థం జోలికి పోవద్దు. రాశాక ఆ ఆడియోలోని మాటలు అచ్చేసి ఉన్న స్క్రిప్ట్ తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దుకోండి. జపనీస్‌లో దీర్ఘం తప్పినా, ఒత్తు తప్పినా అర్థం మారిపోతుంది. ఒబసన్ అంటే అత్తో చిన్నమ్మో, ఒబాసన్ అంటే అవ్వ. కితె అంటే రా, కిత్తె అంటే పోస్టు స్టాంపు. తారీఖుల్లో నాలుగు యొక్క, ఎనిమిది యోక (యొక్క అనగానే క్లాసంతా నవ్వుతుంది, మళ్లీ మర్చిపోరు). హ్రస్వ ఎ, ఒలతో సహా ఇవన్నీ మన లిపిలో ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్లు ముందు పోగొట్టుకునేది వీటినే.

ఇక ఎర్ర గుర్తులు ఎక్కడెక్కడ పడ్డాయో చూడండి. కొన్ని వాళ్లు మింగేసే అచ్చుల దగ్గర పడతాయి. పుస్తకంలో దెసు, నోట్లో దెస్. పుస్తకంలో సుకి, నోట్లో స్కి. మాట చివర అచ్చు కోసం కాచుకునే మన చెవి ఈలోపు తర్వాతి మాట వదిలేస్తుంది. మిగతావి చాలావరకు కుదింపులే. మత్తె ఇరు కాస్తా మత్తెరు అవుతుంది. తబెతె షిమత్త అనాల్సింది తబెచత్త అంటారు. నకెరెబ నరిమసెన్ అంత పొడుగు మాట ఉత్త నక్య అయిపోతుంది. వీటికి నోట్‌బుక్‌లో ఒక పేజీ విడిగా పెట్టుకోండి. పేజీ నిండేకొద్దీ ఆ "స్పీడు" తగ్గినట్టు అనిపిస్తుంది.

దిద్దాక అదే ముక్కను ఆడియో వెనకాలే, అర మాట ఆలస్యంగా, గొంతెత్తి పలకండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనీయండి. ప్లేబ్యాక్ స్పీడు తగ్గించి వినడం నాకు నచ్చదు, చెవి ఆ నిదానానికే అలవాటు పడుతుంది. ముక్కను ఇంకా చిన్నది చేసుకోవడం మేలు. సబ్‌టైటిల్స్‌తో అనిమే చూడటం సరదాకే. అక్కడ కళ్లు చదువుతుంటే చెవులు నిద్రపోతాయి. ఆడియో కొనక్కర్లేదు, జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీ అధికారిక సైట్‌లో స్క్రిప్ట్‌తో సహా నమూనా ప్రశ్నలు ఉచితంగా దొరుకుతాయి.

ఆ పరీక్ష రాసేవాళ్లకు ఇంకొంచెం. ఎన్4లో (ఐదు స్థాయిల్లో కింది నుంచి రెండోది) మొత్తం 180 మార్కులకు 90 వస్తే పాస్. కానీ వినికిడికి ఉన్న 60లో 19 రాకపోతే మిగతాది ఎంత బాగా రాసినా ఫెయిలే. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. కాబట్టి రాసే సాధన ఎన్నిసార్లు ఆపి చేసినా, వారానికోసారి ఆపకుండా, ఇయర్‌ఫోన్స్ తీసేసి, పైన ఫ్యాన్ తిరుగుతుండగా ఫోన్ స్పీకర్‌లో వినండి. సంభాషణలో మొదట వినబడిన సమాధానాన్ని నమ్మొద్దు. మధ్యలో "యప్పరి" అని వచ్చిందంటే మనసు మార్చుకున్నారని, ముందు అనుకున్నది కొట్టేయండి. ఎవరినైనా ఎక్కడికైనా పిలిస్తే "చొత్తొ..." అని సాగదీసి ఆపేశారా, మన దగ్గర "చూద్దాంలే అన్నా" అన్నట్టే, రారని అర్థం.

ఒకటి మిస్సయితే దాని గురించే ఆలోచిస్తూ కూర్చోకండి. ఏదో ఒక గుండ్రం నింపేసి తర్వాతి ప్రశ్నకు చెవి ఇవ్వండి.