కరెంటు పెట్టించుకుంటున్న చోట చర్మాన్ని కాపాడుకోవడం ఎలా

మా అమ్మకి రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీశాక రేడియేషన్, అదే మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారే, పదిహేను సిట్టింగులు రాశారు. గుంటూరు నుంచి విజయవాడకి సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ కారులో పోయి రావడం, మూడు వారాలు. ఆఖరి రోజు అక్కడున్న టెక్నీషియన్లకి పూతరేకులు పంచి, హమ్మయ్య అయిపోయింది అనుకుని ఇంటికొచ్చేశాం. అప్పటికి చర్మం కాస్త కమిలింది, అంతే. తొమ్మిదో రోజు పొద్దున జాకెట్టు విప్పుతుంటే అమ్మ కెవ్వుమంది. రొమ్ము కింద మడతలో తోలు ఊడి, రసి కారి, గుడ్డకి అంటుకుపోయింది.

మాకు తెలియంది అదే. కరెంటు ఆపేశాక కూడా వారం పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు చర్మం ఇంకా పాడవుతూనే ఉంటుంది, ఆ తర్వాతే తగ్గుముఖం పడుతుంది. కాబట్టి చర్మం సంగతి మొదటి సిట్టింగుకి ముందే మొదలుపెట్టి, చివరి సిట్టింగు తర్వాత కనీసం నెల రోజులు చూసుకోవాలి.

ఇది ఎందుకు వస్తుందంటే, మన పైచర్మం కింద పొర నుంచి ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టి పైకి వస్తుంటుంది. రేడియేషన్ ఆ పుట్టించే కణాలనే దెబ్బ తీస్తుంది. పైన ఉన్నది రోజూ రాలిపోతూనే ఉంటుంది, కింద నుంచి రావాల్సింది రాదు. అందుకే మొదటి వారం ఏమీ కనపడదు, రెండో మూడో వారంలో వేడిగా, బిగుతుగా, దురదగా అనిపిస్తుంది, తర్వాత పొట్టు రాలుతుంది, కొంతమందికి మడతలున్న చోట తడి పుండు పడుతుంది. "చర్మం ఎర్రబడితే చెప్పండి" అంటారు, కానీ మన రంగుకి ఎరుపు అంతగా కనపడదు. నలుపు తిరగడం, ముట్టుకుంటే చుట్టుపక్కల కంటే వేడిగా ఉండటం, లాగినట్టు ఉండటం, ఇవీ మనం చూడాల్సినవి. నేనైతే రోజు విడిచి రోజు ఒకే కిటికీ దగ్గర, ఒకే టైముకి ఫోన్లో ఫోటో తీసేదాన్ని, వారానికోసారి డాక్టరు చూసేటప్పుడు అవే చూపించాను. వీపు కూడా చూడండి. ముందు నుంచి పెట్టిన కరెంటు కొన్నిసార్లు వెనక నుంచి బయటికి వెళ్తుంది, భుజం వెనక కమిలిపోయి ఉంటుంది, ఆ మనిషికి అద్దంలో కనపడదు.

అందరికీ ఒకేలా రాదు. రొమ్ము పెద్దగా ఉన్నవాళ్లకి, లావుగా ఉన్నవాళ్లకి, షుగర్ అదుపులో లేనివాళ్లకి ఎక్కువ. సిగరెట్టు, చుట్ట, ఖైనీ మానని వాళ్లకి పుండు మానడం చాలా ఆలస్యమవుతుంది. గొంతుకి 33, 35 సిట్టింగులు పెడుతూ పక్కనే కీమో కూడా ఇస్తుంటే ఇంకా ఎక్కువ. చంక, రొమ్ము కింద, గజ్జలు, మెడ ముడతలు, అంటే చర్మం మీద చర్మం రాసుకునే చోటల్లా ముందుగా ఊడుతుంది.

స్నానం మానక్కర్లేదు. ఇది గట్టిగా చెబుతున్నాను ఎందుకంటే మా వీధిలో సగం మంది "కరెంటు పెట్టిన చోట నీళ్లు తగలకూడదు" అన్నారు. విజయవాడ ఎండల్లో, ఈ ఉక్కపోతలో మూడు వారాలు నీళ్లు తగలకపోతే చెమటే పుండు చేస్తుంది. గోరువెచ్చని నీళ్లు, వాసన లేని తేలికపాటి సబ్బు, చేత్తోనే. పీచు వద్దు, నలుగు వద్దు, సున్నిపిండి వద్దు, తలకి కరెంటు పెడుతుంటే కుంకుడుకాయ కూడా వద్దు. కరెంటు ఎక్కడ పెట్టాలో గుర్తుగా మార్కింగ్ గీతలు ఇంకుతో గీసి ఉంటే వాటి మీద రుద్దకండి, నీళ్లు జారిపోనివ్వండి చాలు. గీత చెరిగిందనిపిస్తే ఇంట్లో స్కెచ్ పెన్నుతో మీరే దిద్దకండి, మిషన్ దగ్గర చెబితే వాళ్లే సరిచేస్తారు. తుడుచుకోవడం అంటే అద్దుకోవడం. కొత్త టర్కీ టవల్ కంటే వందసార్లు ఉతికిన పాత పంచె ముక్క నయం. కృష్ణలో మునకలు, స్విమ్మింగ్ పూల్ ఇప్పుడు వద్దు, చర్మం మానాక ఘాట్లు ఎక్కడికీ పోవు.

బట్టల దగ్గర అందరం పొరపాటు చేస్తాం. అమ్మ కోసం కొత్త మంగళగిరి కాటన్ చీరలు కొన్నాను, గంజి పెట్టినవి. బిర్రుగా నిలబడ్డాయి, పావుగంటలో విప్పేసింది. చివరికి పనికొచ్చింది మా నాన్న పాత చొక్కాలు, ఒక సైజు పెద్దవి. గంజి లేని, పాతబడిన మెత్తటి నూలు ఏదైనా సరే. వైరున్న బ్రా అసలు వద్దు, ఇంట్లో ఉన్నంతసేపు ఏదీ లేకపోయినా తప్పులేదు. రొమ్ము కింద మడతలో మెత్తటి నూలు గుడ్డ ఒక మడత పెట్టుకుంటే చర్మం చర్మానికి అంటుకోదు, తడిస్తే మార్చండి. కారులో సీటు బెల్టు తీసేయకండి, బెల్టుకీ ఒంటికీ మధ్య చిన్న తువ్వాలు పెట్టుకోండి.

మెడకి పెడుతున్న ఆడవాళ్లకి మంగళసూత్రం, నల్లపూసలు పెద్ద సమస్య. తీయమంటే మనసు ఒప్పదు, నాకు తెలుసు. కానీ కరెంటు తగిలే చోట లోహం ఉండకూడదు, రోజంతా రాసుకుంటే పుండు కూడా పడుతుంది. గొలుసు తీసి పసుపుతాడు కట్టుకుందామనుకుంటారు, అదీ ఒరుస్తుంది. నెలా రెండు నెలలు దేవుడి దగ్గర పెట్టండి, ఇంటికి పెద్దవాళ్లెవరో ఒకరు ముందుగా "పర్లేదమ్మా" అనేస్తే సగం టెన్షన్ పోతుంది. మగవాళ్లకైతే కాలరున్న చొక్కా, హెల్మెట్ పట్టీ, గడ్డం బ్లేడు. బ్లేడు మానేసి ఎలక్ట్రిక్ ట్రిమ్మర్ వాడండి, చర్మం ఊడటం మొదలయ్యాక అదీ ఆపేయండి. మా బాబాయి మిర్చి యార్డులో గుమాస్తా, గొంతుకి కరెంటు పెట్టించుకుంటూ సీజను కదా అని రెండు రోజులు యార్డుకి వెళ్లొచ్చాడు. కమిలిన మెడ మీద చెమట, దాని మీద ఆ కారం ఘాటు ఎలా ఉంటుందో ఊహించుకోండి. యార్డు, పొయ్యి సెగ, దుమ్ము, మిట్టమధ్యాహ్నం ఎండ, వీటికి దూరం. రోహిణి కార్తెలో కరెంటు పడితే పొద్దున్నే సిట్టింగు ఇమ్మని అడగండి, కుదిరితే ఇస్తారు.

ఇక పూసే సంగతి. మా దగ్గరి బంధువు ఒకావిడ నేను లేనప్పుడు పసుపు, కొబ్బరినూనె కలిపి అమ్మకి పట్టించి వెళ్లింది. మంచి మనసుతోనే. మార్కింగ్ సగం కనపడకుండా పోయింది, చర్మం అసలు రంగేమిటో డాక్టరుకి అర్థం కాలేదు. పసుపు, కలబంద గుజ్జు, వెన్న, తేనె, వేపాకు ముద్ద, ఏదీ ఇంట్లో మీ అంతట మీరు వద్దు. కలబంద మీద పరీక్షలు చేసి చూశారు, ఈ పుండు రాకుండా ఆపుతుందని తేలలేదు. పౌడర్ కూడా మడతల్లో తడిసి ఉండలు కట్టి ఒరుస్తుంది. ఐసు పెట్టకండి, వేడి నీళ్ల సంచీ పెట్టకండి.

పూయాల్సింది వాసన లేని మామూలు మాయిశ్చరైజర్, డాక్టరు చెప్పినది, మొదటి రోజు నుంచే, రోజుకి రెండు మూడుసార్లు పల్చగా. సిట్టింగుకి ముందు మందంగా పట్టించి వెళ్లొద్దు, మందపాటి పూత ఉంటే పైచర్మానికి డోసు పెరుగుతుంది. ఇంటికొచ్చాక, పడుకునే ముందు సరిపోతుంది. దీనికంటే గట్టి ఆధారం ఉన్నది మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ క్రీము, ముఖ్యంగా రొమ్ముకి పెట్టేటప్పుడు మొదటి నుంచీ రాస్తే మంట, పుండు తగ్గుతాయని పరీక్షల్లో తేలింది. మా డాక్టరు మేం అడిగాకే రాశారు, మీరూ అడగండి. అంతేగానీ మెడికల్ షాపులో దురదకి ఇచ్చే మూడు మందులు కలిపిన ట్యూబు కొని పూయకండి, ఊడిన చర్మం మీద స్టెరాయిడ్ అసలే వద్దు. రొమ్ముకి ముందుగానే అంటించే పల్చటి సిలికాన్ ఫిల్ములు కూడా ఉన్నాయి, బాగా పనిచేస్తాయి గానీ ఖరీదు, అన్ని చోట్లా దొరకవు.

పొట్టు రాలుతుంటే పీకొద్దు. దురదకి గోకొద్దు, గోళ్లు కత్తిరించుకోండి, మరీ నిద్ర పట్టకపోతే మాత్ర అడగండి.

తడి పుండు పడితే ఏం చేయాలి? ముందు ఫోన్ చేసి అదే రోజు చూపించండి. సిట్టింగులు జరుగుతుంటే దాచిపెట్టకండి, ఆపేస్తారేమోనని భయపడి దాచేవాళ్లున్నారు, పుండు చూసి హడలిపోయి వాళ్లంతట వాళ్లే మానేసేవాళ్లూ ఉన్నారు, రెండూ తప్పే. ముఖ్యంగా గొంతుకీ గర్భాశయ ముఖద్వారానికీ పెట్టేటప్పుడు మధ్యలో రోజులు పోతే వైద్యం బలం తగ్గుతుంది. ఆపాలా, రెండు రోజులు విరామమివ్వాలా అన్నది డాక్టరు తేల్చాలి.

ఇంట్లో చేసేది ఇంతే. చేతులు కడుక్కుని, మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్‌తో పుండు మీద ధారగా పోసి, శుభ్రమైన గాజ్ గుడ్డతో అద్ది, డాక్టరు రాసిన క్రీమో డ్రెస్సింగో పెట్టడం. మామూలు గాజ్ గుడ్డ నేరుగా వేస్తే ఎండి అంటుకుపోతుంది, అంటుకోని రకం డ్రెస్సింగ్ అడగండి. మొదటి రోజు నేను అంటుకున్న గుడ్డని ఒక్క లాగు లాగాను, ఆ తప్పు మీరు చేయకండి, సెలైన్‌తో నానబెట్టి పది నిమిషాలు ఆగితే అదే వస్తుంది. ప్లాస్టర్ టేపు కరెంటు పెట్టిన చర్మం మీద పడకూడదు, తీసేటప్పుడు తోలుతో సహా వస్తుంది. బదులుగా పైన ఓ వదులు బనీను వేస్తే డ్రెస్సింగ్ కదలదు. ఊదారంగు జీవీ పెయింట్ అనే పూత మందు ఇంకా కొన్నిచోట్ల పూస్తారు, అది పుండుని ఎండగట్టి బిగుతు చేస్తుంది, రంగు కింద చీము పట్టినా కనపడదు. డాక్టరు రాస్తే సరే, మీరు కొనకండి. కింది భాగానికి కరెంటు పెట్టినవాళ్లు దొడ్డికి వెళ్లిన ప్రతిసారీ గోరువెచ్చని నీళ్లతో కడుక్కుని అద్దుకోవాలి, విరేచనాలు పట్టుకుంటే చర్మం ఇంకా త్వరగా చెడుతుంది కాబట్టి వాటికి ముందే మందు అడగాలి. ఆడవాళ్లకి పాత నైటీ, మగవాళ్లకి లుంగీ.

చీము, చెడు వాసన, పచ్చటి రసి, పుండు చుట్టూ వాపు పాకడం, నొప్పి ఒక్కసారిగా పెరగడం, రక్తం ఆగకపోవడం, జ్వరం 100.4 దాటడం, వీటిలో ఏ ఒక్కటున్నా పొద్దున దాకా ఆగకండి. కీమో కూడా నడుస్తుంటే జ్వరానికి పారాసిటమాల్ వేసి పడుకోబెట్టడం కాదు, నేరుగా క్యాజువాలిటీకి.

తిండి విషయంలో మనవాళ్ల పథ్యాలతో పడలేం. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, వంకాయ దురద. పుండు మానడానికి కావాల్సిందే ఆ పప్పూ గుడ్డూ. కరెంటు అంటే ఒళ్లు వేడి చేసిందని మజ్జిగన్నం ఒక్కటే పెట్టి బక్కచిక్కించకండి. గొంతు మంట ఉన్నవాళ్లకి కారం తీసేసి మెత్తగా పెట్టండి, తిండి మాత్రం తగ్గకూడదు. ఇంకో మాట, బయట నుంచి మిషన్‌తో పెట్టే కరెంటు ఒంట్లో మిగిలి ఉండదు. మనవణ్ణి దూరంగా ఉంచిన ఇళ్లు చూశాను, ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, మెడకి వేలాడకుండా చూస్తే చాలు.

అమ్మ పుండు మూడు వారాలకి పూర్తిగా మానింది. ముందు అక్కడక్కడా గులాబీ రంగు చర్మం వచ్చి, నలుపు మాత్రం నెలల మీద తగ్గింది. ఆ చోట చర్మం ఇకపై ఎండకి త్వరగా కమిలిపోతుంది, కాబట్టి బయటికి వెళ్తే కప్పుకోవడమో సన్‌స్క్రీన్ రాయడమో ఎప్పటికీ చేయాలి. నెలలు గడిచాక చర్మం గట్టిపడినట్టు, చెయ్యి పైకెత్తితే పట్టేసినట్టు అనిపిస్తే ఫిజియోథెరపీ అడగండి, తొందరగా మొదలుపెడితే మేలు. ఎప్పుడో తర్వాత కొత్త కీమో మందు ఎక్కించినప్పుడు సరిగ్గా పాత చోటే మళ్లీ కమిలి మండొచ్చు, అలర్జీ అనుకుని వదిలేయకుండా ఫలానా సంవత్సరం ఇక్కడ కరెంటు పెట్టారని ఆ డాక్టరుకి చెప్పండి. ఆ కాగితాలు, ఎన్ని సిట్టింగులు, ఎంత డోసు అని రాసి ఇచ్చినవి, బీరువాలో పట్టుచీరల కింద కాకుండా చేతికందే చోట పెట్టుకోండి.