అమెరికాలో నల్లజాతి గర్భిణులు: కాన్పుకు బయలుదేరేముందు జాగ్రత్తలు

2023లో అక్కడ లక్ష సజీవ జననాలకు నల్లజాతి తల్లుల మరణాలు 50.3, తెల్లజాతి తల్లులవి 14.5. చదువు, డబ్బు ఉన్నా ఈ తేడా పోవడం లేదు. అందుకే ముందే సిద్ధపడండి.

- మీ తరఫున గట్టిగా అడిగే మనిషిని వెంట ఉంచుకోండి. భర్త, అమ్మ, డౌలా (కాన్పులో తోడుండే శిక్షణ పొందిన సహాయకురాలు), ఎవరైనా సరే. నొప్పుల్లో వాదించే ఓపిక మీకుండదు.
- బీపీ, మందులు, పాత రక్తం గడ్డల సంగతి కాగితం మీద రాసుకోండి. 2017లో కాన్పయ్యాక ఊపిరాడక, స్కాన్ చేయమని టెన్నిస్ తార సెరెనా విలియమ్స్ తానే పట్టుబట్టాల్సి వచ్చింది. ఊపిరితిత్తుల్లో గడ్డలు బయటపడ్డాయి. అంత పేరున్న మనిషికే ఆ గతి!
- పరీక్ష అక్కర్లేదంటే, కారణం కేస్ షీట్‌లో రాయమనండి.
- వేలికి పెట్టే ఆక్సీమీటర్ నల్లని చర్మంపై రక్తంలో ఆక్సిజన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. ఆయాసముంటే చెప్పండి.
- ఇంటికొచ్చాక తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా వెంటనే వెళ్లండి. "ఈమధ్యే కాన్పయింది" అన్నది మొదటి మాటగా చెప్పండి.