బండి సీటు కుట్టు పిగిలిందా? మృగశిర లోపే చూసుకోండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ, బెజవాడ ఎండకి బండి సీటు కుట్లు పిగలడం మాత్రం ఏటా చూస్తున్నా. పొద్దస్తమానం ఎండలో నిలబెట్టిన బండి సీటు మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది కదా, ఆ వేడికి రెగ్జిన్‌లోని మెత్తదనం మెల్లగా పోతుంది. బిగుసుకుని, కాస్త కుంచించుకుపోతుంది. ఆ లాగుడంతా కుట్టు మీదే పడుతుంది. వెనక కూర్చునేవాళ్లు ఎప్పుడూ ఒక పక్కకే కూర్చుంటే ఆ పక్క కుట్టు ముందు పోతుంది. మా ఇంట్లో రెండు బండ్లకీ ఎడమ పక్కే పిగిలింది.

పోయినేడు రెండంగుళాల చీలికే కదా అని వదిలేశాను. జూన్‌లో రాత్రి వాన పడింది. పొద్దున్నే సీటు శుభ్రంగా తుడిచి, పొడిగానే ఉందనుకుని ఎక్కాను. బెంజి సర్కిల్ దాటేసరికి ప్యాంటు వెనక చల్లగా తగిలింది. లోపలి స్పాంజి రాత్రంతా నీళ్లు తాగి, నా బరువు పడగానే కక్కింది. ఆ రోజు లంచ్ దాకా కుర్చీలోంచి లేవలేదు.

అందుకే మృగశిర రాకముందే, అంటే జూన్ మొదటి వారంలోపే ఈ పని చేసుకోవాలి. సూది పట్టుకునే ముందు పోయింది దారమా, రెగ్జినా అన్నది తేల్చుకోండి. చీలిక అంచుని రెండు వేళ్లతో పట్టుకుని వంచి చూడండి. పాత కుట్టు కన్నాలు గుండ్రంగా, విడివిడిగా ఉంటే పోయింది దారమే, ఇంట్లో కుట్టుకోవచ్చు. కన్నాలు ఒకదాన్నొకటి కలిసిపోయి ఉన్నా, వంచిన చోట సన్నటి పగుళ్లు కనిపించినా ఇక కుట్టి లాభం లేదు. ఈ కుట్టు పక్కనే ఇంకోటి పిగులుతుంది. ఆటోనగర్‌లో సీటు పనివాళ్ల దగ్గరికి తీసుకెళ్లి కవరే మార్పించండి.

స్పాంజి తడిగా ఉండగా కుట్టకండి. అందరూ చేసే తప్పు ఇదే. తడిని లోపలే పెట్టి మూసేస్తే ముక్కవాసన మొదలవుతుంది, ఎన్ని అగరొత్తులు వెలిగించినా పోదు. సీటు విప్పి, చీలిక కిందికి వచ్చేలా నిలబెట్టి, పాత తువ్వాలు పెట్టి గట్టిగా అదమండి. తర్వాత రెండు మూడు రోజులు ఫ్యాను కింద ఉంచండి.

దారం విషయంలో పిసినారితనం వద్దు. బట్టలు కుట్టే నూలు దారం తడికి కుళ్లిపోతుంది. చేపల గాలానికి వాడే నైలాన్ తీగ గట్టిగానే ఉంటుంది గానీ ముడి జారుతుంది, పైగా రెగ్జిన్‌ని కోసేస్తుంది. చెప్పులు, బ్యాగులు కుట్టే లావు పాలిస్టర్ దారం సరిపోతుంది. దాన్ని కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగితే సాఫీగా వెళ్తుంది. సూది కొంచెం వంకరది దొరికితే స్పాంజిలో దిగకుండా పైపైనే తిరుగుతుంది. కుట్టే ముందు సీటుని పావుగంట ఎండలో పెట్టండి, రెగ్జిన్ కాస్త సాగుతుంది. చీలిక ఉన్నంత మేరే కాకుండా, అటూ ఇటూ అంగుళం చొప్పున బాగున్న కుట్టు మీదుగా కూడా పోవాలి. పాత కన్నాల్లోంచే సూది దూర్చండి. కొత్తవి పొడిస్తే పోస్టు స్టాంపు అంచులా అయి అక్కడే చిరుగుతుంది. దారాన్ని అంచులు కలిసేదాకా లాగితే చాలు, బలం చూపించక్కర్లేదు. సూది రాకపోతే కటింగ్ ప్లేయరుతో లాగండి. అరచేత్తో వెనక నుంచి తోస్తే సూది రెగ్జిన్‌లో కాదు, మీ చేతిలో దిగుతుంది.

చీలిక పెద్దదైతే కవరు సగం ఊడదీయాల్సి వస్తుంది. దానికి కింద ప్లాస్టిక్‌కి కొట్టిన పిన్నులు పీకాలి. ఆ పని బండి మీద వద్దు, సీటు తీసి దూరంగా పెట్టుకోండి. చాలా బండ్లకి సీటు కిందే బ్యాటరీ ఉంటుంది. పీకిన పిన్ను దాని మీద పడి రెండు టెర్మినళ్లనీ కలిపిందంటే నిప్పురవ్వలే. మళ్లీ పిన్నులు కొట్టేటప్పుడు పొడుగువి వాడితే మొనలు ప్లాస్టిక్ దాటి స్పాంజిలోకి వస్తాయి. ఆ సంగతి కూర్చున్నాక తెలుస్తుంది.

ఫెవిక్విక్ మాత్రం ముట్టుకోకండి. ఎండాక రాయిలా గట్టిపడుతుంది, కూర్చోగానే పెళుసుగా విరిగి దాని పక్కన రెగ్జిన్‌ని చీలుస్తుంది. కుట్టు మీద సన్నగా రబ్బరు సొల్యూషన్ రాస్తే నీళ్లు దిగవు. రాసేటప్పుడు తలుపులు తీసి ఉంచండి. దగ్గర్లో సిగరెట్, పొయ్యి లాంటివేవీ ఉండకూడదు.

ఒక రాత్రి ఆరనిచ్చి, పొద్దున చెంబెడు నీళ్లు కుట్టు మీద పోయండి. పైన తుడిచి, పాత న్యూస్‌పేపరు పరిచి ఐదు నిమిషాలు కూర్చోండి. కాగితం పొడిగా లేస్తే సీటు బిగించేయండి. తడి మచ్చ కనిపిస్తే, అది ఎక్కడుందో అక్కడే మళ్లీ సూది పట్టాలి.